ఆయనకు ధార వచ్చిన రోజు

మూత్రం సంచి ఖాళీ చేసి, కడిగి, మళ్లీ మంచానికి తగిలించడం కొన్ని నెలలుగా ఆమెకు అంట్లు తోముకున్నంత అలవాటైపోయింది. పరంజా మీంచి జారి, కాళ్లు చెరోవైపూ వేలాడేలా ఇనుప గొట్టం మీద పడ్డ రోజున భర్తకు మూత్రనాళం చితికిపోయింది. అప్పట్నుంచీ పొత్తికడుపులోంచి వేసిన గొట్టమే దిక్కు. చివరికి డాక్టరు ఆయన బుగ్గ లోపలి పొర కొంచెం తీసి, దానితో నాళాన్ని బాగుచేశాడు.

ఇవాళ గొట్టాలన్నీ తీసేశారు. ధార ఎలా ఉందో చూడటానికి గదిలో యంత్రానికి బిగించిన గరాటులో పోయమన్నారు. తలుపు బయట అత్తగారూ ఆడపడుచూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. చప్పుడు వినబడగానే అత్తగారు కళ్లొత్తుకుంది. "నా బంగారు తండ్రీ! పంపు తిప్పినట్టు లేదూ!" ఆడపడుచు అప్పుడే బంధువులకు ఫోన్లు మొదలెట్టింది.

వాళ్ల వెనకే నిలబడ్డ ఆమెకు ఒళ్లు మండిపోయింది. అసూయ. మొగుడి ఉచ్చ చూసి కుళ్లుకునే ఆడది లోకంలో తనొక్కతే అయ్యుంటుందని నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండో కాన్పులో తనకీ లోపలేదో దెబ్బతింది. తుమ్మినా, నవ్వినా, బకెట్ ఎత్తినా తడిసిపోతుంది. సిగ్గు విడిచి చెబితే, "ఆడపుట్టుకన్నాక మామూలేనమ్మా, పాతగుడ్డ పెట్టుకో" అన్నది ఈ అత్తగారే. ఆయనైతే, "వాసనొస్తోంది, అటు తిరిగి పడుకో" అన్నాడు. తను పనిచేసే కుట్టుమిషన్ల షెడ్డులో సూపర్‌వైజరు, "బాత్రూంలో కూర్చున్నందుక్కూడా జీతమివ్వాలా?" అని పదిమందిలో అడిగాడు. అదే ఆయనకొస్తే ఇల్లంతా మంచం చుట్టూ చేరింది. ఆయన్ని లేపి కూర్చోబెట్టే ప్రతిసారీ తను తడుస్తూనే ఉంది. ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

డాక్టరు గదిలో ఆయన దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడింది.

"ఇంకేమైనా అడగాలా?" అన్నాడు డాక్టరు.

"ఏం లేద్సార్, అంతా బ్రహ్మాండం. పద వెళ్దాం" అంటూ ఆయన లేచాడు.

ఖాళీ అయిన కుర్చీలో ఆమె కూర్చుంది. "నేను అడగాలి సార్."

"నీకేమైంది? ఇంటికెళ్లి మాట్లాడుకుందాం లే, అమ్మ ఎదురుచూస్తోంది."

"ఇంట్లో చెప్పి చూశాగా. మీరెళ్లి అత్తయ్య దగ్గర కూర్చోండి" అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. కుర్చీ డాక్టరు బల్ల దగ్గరికి జరుపుకుంది.

"మా చిన్నదాని కాన్పు నుంచీ నాకు ఆగట్లేదు సార్."