చదవకుండా నొక్కిన బావ

బావగారి కంప్యూటర్ల దుకాణంలో మరదలికి ఒకటే పని, మూలపడ్డ మెషిన్లకు ప్రాణం పోయడం. ఒక బడివాళ్ళు ఇరవై ముసలి కంప్యూటర్లు దింపినప్పుడు, వాటిని నడపడానికి ఉచితంగా దొరికే లినక్స్ రకాల్లో ఏది సరిపోతుందో తేల్చే భారం కూడా ఆమె నెత్తినే పడింది. డెబియన్ పెట్టి చూసింది, ఉబుంటు చూసింది, చివరికి మింట్ దగ్గర ఆగింది. మౌస్ పట్టుకోవడమే రాని అక్కను దాని ముందు కూర్చోబెడితే, ఎవరినీ అడక్కుండా ఫైలు తెరిచి తన పేరు కొట్టుకుంది మరి! ఆ తర్వాత మూడు వారాలు ఆటలూ పాటలూ బొమ్మల ప్రోగ్రాములూ ఒక్కొక్కటే పీకేసి, అవసరమైనంత మాత్రం మిగిల్చింది. ముసలి మెషిన్లు అర నిమిషంలో లేచి కూర్చున్నాయి.

ఈ పని చేసినవాళ్ళకే ల్యాబ్ ఉద్యోగం ఇస్తామని ప్రిన్సిపాల్ కబురు పెట్టింది. బావ చెప్పుచేతల్లోంచి బయటపడడానికి మరదలికి అదొక్కటే దారి. మరదలు చెయ్యిజారిపోతుందని బావ మాత్రం తిన్నగా వెళ్ళి, "అంతా నేనే చేశాను మేడమ్, మా మరదలు దుమ్ము దులిపింది" అని చెప్పి వచ్చాడు. ఆ సంగతి తెలిసి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పోట్లాడలేదు. సమయం రానీ, నీ పని చెప్తా అనుకుంది.

మెషిన్లు బడికి అప్పగించే రోజు కుర్చీలో బావ, వెనకాల తీగలు సర్దుతూ మరదలు.

"పిల్లలకి స్పీకర్లెందుకండీ? ఆ సౌండు ప్రోగ్రాం కూడా తీసెయ్యండి" అంది ప్రిన్సిపాల్.

"అదెంత పని మేడమ్!"

బావ టకటకా కొట్టాడు. దానితోపాటు ఇంకేమేం పోతాయో మెషిన్ ఓ పెద్ద జాబితా చూపించి, తీసెయ్యమంటావా అని అడిగింది. పన్నెండో వరుసలో, ఐకాన్లూ మెనూలూ చూపించే డెస్క్‌టాపే ఉండడం మరదలు వెనకనుంచి చూసింది. ఆ మూడు వారాల్లో అక్కడ రెండుసార్లు దెబ్బ తిన్నాకే ఆమె సౌండు జోలికి పోవడం మానేసింది. ఇప్పుడు ఒక్క మాటంటే బావ ఆగిపోతాడు. ఆమె పెదవి విప్పలేదు. ఒళ్ళంతా చల్లగా, హాయిగా ఉంది.

బావ చదవకుండా, సరేనని 'వై' అక్షరం నొక్కాడు. ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. ఐకాన్లు లేవు, మెనూ లేదు. నల్లటి తెర మీద నాలుగు అక్షరాలు, మిణుకుమనే గీత.

"ఏమైందండీ?"

"మెషిన్ పాతది కదా మేడమ్..." అని బావ నీళ్ళు నమిలాడు. వెనక్కి తిరిగి, "ఏం చెయ్యాలో చెప్పవే!" అని గొణిగాడు.

"చేసింది మీరు కదా బావా. నాకేం తెలుసు?" అంది ఆమె, గదంతా వినబడేలా.

బావ ముఖం మాడిపోయింది. నేలచూపులు చూస్తూ, "చేసింది తనే మేడమ్" అన్నాడు.

పోయినవన్నీ తిరిగి పెట్టే పది నిమిషాల పనిని ఆమె అరగంట చేసింది. బావను పక్కనే నిలబెట్టి ప్రతి వరుసా పైకి చదివింది. ఉద్యోగం ఆమెకే ఇచ్చారు.

ఆ సాయంత్రం అక్క ఆమె కంచం ముందు చతికిలబడింది. "ఆయన అన్నం ముట్టలేదే. ఆ లిస్టు నువ్వు ముందే చూశావా?"

"చూశాను."

"ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేదే?"

"నా ఉద్యోగం" అని ఆమె మారు వడ్డించుకుంది.