ఇస్త్రీ ఆవిరిలో పాట

మీ పిల్లవాడు ఏ పాట వింటాడో చెప్పండి చూద్దాం. చెప్పలేరు. మోతగా ఉంటే చెడిపోయాడంటారు, మెత్తగా ఉంటే బుద్ధిమంతుడంటారు. అక్కడితో మీ పెంపకం అయిపోతుంది. లాండ్రీ ఆవిడా మీలాంటిదే.

ఆవిడ పొద్దున్నే కొట్టు తెరిచి, బట్టల మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించేది. ఆవిరి లేచేది. ఆ బట్ట కట్టే మనిషి మనసులో ఉన్న పాట అందులో సన్నగా వినిపించేది. ఎంత ఉతికినా అది పోదు.

"మా ఆయన చొక్కా త్వరగా కానివ్వు. పెళ్లికి ముందు పాటలు ఆయన్నింకా వదల్లేదు, వీధంతా వింటోంది," అని పక్కింటావిడ నవ్వేది.

లాండ్రీ ఆవిడ పదిహేడేళ్ల కొడుకు చొక్కాల్లోంచి మాత్రం డ్రమ్ముల మోతా, అరుపులూ వచ్చేవి. వాడు డ్రమ్స్ బాగా వాయిస్తాడు. పరీక్షలు కాగానే చేర్చుకుంటామని ఒక బ్యాండు వాళ్లు మాటిచ్చారు. అప్పటినుంచి వాడికి అదే ధ్యాస. అన్నం ముందు కూర్చున్నా వేళ్లు ఆగేవి కావు.

"ఇదేం గోలరా, రేకుల షెడ్డు కూలినట్టు," అనేది తల్లి.

"అందులో తాళం వినమ్మా, ఒక్కసారి."

"నాకు పనుంది. ఆ దర్జీ కొడుకుని చూడు, వాడి చొక్కాలో జోలపాటే. వాడితో తిరిగితే నీకూ బుద్ధొస్తుంది."

అని ఊరుకోలేదు. తనే వెళ్లి దర్జీ కొడుకుని బతిమాలింది.

"మావాణ్ణి నీ వెంట తిప్పుకో బాబూ."

"అలాగే అత్తా," అన్నాడు వాడు కళ్లు దించుకుని.

కొన్నాళ్లకు కొడుకు చొక్కాల్లోనూ మెత్తని పాటలు మొదలయ్యాయి. ఆవిడ వాటిని ఆఖరుకు ఉంచుకుని, మురిసిపోతూ రుద్దేది. జేబులో పుదీనా బిళ్లలు దొరికితే, శుభ్రత నేర్చాడనుకుంది. తర్వాత పాట సాగదీసినట్టు రావడం మొదలైంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందనట్టు ఉండేది. నిదానం అలవడిందనుకుంది.

ఒక మధ్యాహ్నం వాడి చొక్కా మీద పెట్టె ఆనిస్తే ఆవిరి లేచింది గానీ పాట లేదు. మళ్లీ రుద్దింది. లేదు. పోయినవాళ్ల బట్టలే అలా ఉంటాయని ఆవిడకు తెలుసు.

వాళ్లిద్దరూ రోజూ కూర్చునే దర్జీ ఇంటి మేడ మీదికి పరిగెత్తింది. నీళ్ల ట్యాంకు పక్కన కొడుకు పడి ఉన్నాడు, పెదాలు నీలంగా. చుట్టూ సీసాలు, చింపిన మాత్రల అట్టలు. ఫోనులో మెత్తని పాట మోగుతూనే ఉంది.

"తాగాక మోత పాటలు పడవత్తా," అన్నాడు దర్జీ కొడుకు, నాలుక మడతపడుతుంటే. "తల పగిలిపోతుంది. అందుకే ఇవి."

ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. దక్కాడు. చాన్నాళ్లు చికిత్సలో ఉండి ఇల్లు చేరాడు. బ్యాండు వాళ్లు మాట తప్పలేదు, పిలిచి కూర్చోబెట్టారు. వాడి చేతులు వణికాయి. తాళం తప్పింది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా తప్పుతూనే ఉంది.

ఇప్పుడు ఆ బ్యాండుకు డ్రమ్స్ మోస్తాడు. దించి, మరలు బిగించి, వేరే కుర్రాడు వచ్చి కూర్చోగానే పక్కకు తప్పుకుంటాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పి తల్లికిచ్చి అక్కడే నిలబడతాడు.

"పాట వస్తోందా అమ్మా?"

"ఉండు నాన్నా, ఇంకోసారి చూస్తాను."

రుద్దిన చోటే రుద్దుతుంది. గుడ్డ పసుపెక్కుతుంది. ఆవిరి మాత్రమే లేస్తుంది.