ఒకే గోతి మట్టి

రోలరు కింద మట్టిపెళ్ళలు పటపటమని విరుగుతున్నాయి. జల్లెడ పిన్ని రేకు పళ్ళెం మీదికి వంగి, ఒంటి బరువంతా మణికట్ల మీద వేసి, రోలరును ముందుకీ వెనక్కీ దొర్లిస్తోంది. ఆ గదిలో ఫ్యాను ఉంది గాని వేయరు. వేస్తే ఒక పళ్ళెంలోని దుమ్ము ఇంకో పళ్ళెంలో పడుతుంది. అప్పుడు ఏది ఎక్కడి మట్టో దేవుడికి కూడా తెలియదు. అందుకని, తిరగని ఫ్యాను కింద చెమటలు కక్కడం ఆమె ఉద్యోగంలో సగం. మిగతా సగం జల్లించడం.

ఆమె పదిమందిలో కనిపించే మనిషి కాదు. పొట్టిది. వీపు కాస్త వంగింది. మాస్కు తాడు ఒరుసుకుని చెవుల వెనక చర్మం కాయలు కాచింది. ఎంత రుద్ది కడిగినా గోళ్ళ అంచుల్లో ఎరుపు పోదు. మట్టిని నలిపి, జల్లెడ పట్టి, పైన మిగిలిన రాళ్ళనూ వేళ్ళనూ తీసిపారేసి, కిందికి రాలిన మెత్తటి మట్టిని చిన్న గిన్నెల్లో చదునుగా నింపి పక్క గదికి పంపుతుంది. అక్కడి యంత్రం గిన్నె మీద వెలుగు కొట్టి, తిరిగొచ్చిన వెలుగును తెర మీద ఒక వంపుల గీతగా చూపిస్తుంది. అందులో బంకమన్ను ఎంతో, ఇసుక ఎంతో, సత్తువ ఎంతో ఆ గీతే చెబుతుందట. ఆ పైన మ్యాపుల మేడమ్ ఆ సంగతులన్నీ కంప్యూటరుకు అప్పగించి, తవ్విన చోట్లను చూసి తవ్వని చోట్లను అంచనా కట్టించి, నేలంతటికీ రంగులు వేయిస్తుంది. ఈ మొత్తం శాస్త్రంలో పిన్నికి బోధపడింది ఒక్కటే: మట్టి సరిగ్గా ఆరకపోతే గీత పాడవుతుంది, తిట్లు తనకు పడతాయి.

మొన్నమొన్నటి దాకా ఆ మట్టి తెచ్చినవాడు ఆమె మొగుడే. ఛాతీ ఎత్తు ఇనుప కడ్డీ, పైన అడ్డంగా కర్ర పిడి, కింద మెలికల మొన. ఆ బరమాను నేలలోకి తిప్పి, పైకి లాగి, మెలికల్లో ఇరుక్కున్న మట్టిని గుడ్డసంచిలో వేసి, సంచి మీద అంకె రాయడం అతని పని. ఆఫీసంతా అతన్ని బరమా బాబాయ్ అనేది. బాబాయ్ భార్య కనుక ఈమె పిన్ని అయింది. జల్లెడ మాత్రం ఆమె సొంత సంపాదన. ఊపిరితిత్తులు మొరాయించాయి, పైగా వయసు అయిపోయింది; అతను ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడు వచ్చే సంచులు వేరెవరో కట్టినవి. వాటిని విప్పుతుంటే పిన్నికి ఎవరింట్లోనో దూరి గిన్నెల మీద మూతలు తీస్తున్నట్టుంటుంది.

"పిన్నీ, ఒకసారి ఇటు రండి."

మ్యాపుల మేడమ్ గొంతు. పిన్ని చేతులు దులుపుకుని వెళ్ళింది. తెర మీద ఒక గీత ఉంది. మేడమ్ దాన్ని పెద్దది చేస్తే అది మూడు గీతలని తెలిసింది.

"కొండ పాదం దగ్గరిదొకటి, నడుముదొకటి, నెత్తిదొకటి. గీతలు చూడండి, అతికించినట్టున్నాయి."

"మట్టి మట్టిలాగే ఉంటుంది కదమ్మా."

"పక్కపక్క మట్టి పోలి ఉంటుంది పిన్నీ, అచ్చు గుద్దినట్టు ఉండదు. ఇది ఒకే గోతి మట్టి."

పిన్నికిది కొత్త సంగతేం కాదు. జల్లించిన నాడే మూడు సంచుల్లోనూ అవే తెల్లటి సున్నపు ఉండలు, అవే చితికిన నత్తగుల్లలు కనిపించాయి. కొండ నెత్తిన నత్తలకేం పని? ఆ రోజు జల్లెడ బోర్లించి గుల్లల్ని చెత్తబుట్టలో పోసి, సంగతి కడుపులో పెట్టుకుంది. జల్లెడను దాటింది గాని వెలుగును దాటలేకపోయింది.

"ఇవి బాబాయ్ ఆఖరిసారి తెచ్చినవి. రేపు మ్యాపు పంపాలి. ఇవి ఇలా ఉంటే మిగతావి నేనెలా నమ్మను చెప్పండి? ఆయన చుక్కలన్నీ తీసేయాల్సి వస్తుంది."

మౌసు మీద వేలు నొక్కి మేడమ్ ఇంకో బొమ్మ తెచ్చింది. మ్యాపు నిండా పసుపు చుక్కలు. వాగుల వెంట, మెట్టల మీద, ఎవరూ పోని మూలల్లో కూడా. ఒక్కో చుక్కా అతను తవ్విన ఒక్కో గొయ్యి. పెళ్ళయిన దగ్గర్నుంచి అతను ఇంట లేని రోజులన్నీ అక్కడున్నాయి. వాటికోసం ఆమె ఎంత సణిగింది! తీసేస్తారంటే ఇప్పుడు ప్రాణం విలవిల్లాడింది.

"నా చేతి తప్పేనమ్మా," అంది. "ఆ రోజు ఒంట్లో బాగాలేదు. గిన్నెలు కలిపేసుంటాను."

మేడమ్ మొహం విప్పారింది. "అదే అయితే బతికాం! సంచుల్లో జల్లించకుండా దాచిన సగం ఉందిగా. భోజనమయ్యాక తీసుకురండి, మళ్ళీ చూద్దాం."

ప్రతి సంచిలోనూ సగం దాచి మూతి కట్టేది పిన్నే. ఆ సగమే మరిచిపోయి అబద్ధమాడింది. చేతకాని అబద్ధం ఆడితే అది అన్నం వేళ దాటి బతకదు.

ఆఫీసు వెనక రోడ్డు దాటితే ఇల్లు. గుమ్మంలోనే అతని ఊపిరి సన్నటి ఈలలా వినిపిస్తుంది. ఆ ఈల వింటేనే ఆమెకు ఇంటికొచ్చినట్టు. అతను కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఒకప్పటి భుజాల మీద చొక్కా ఇప్పుడు కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. తలుపు మూల పాత బరమా తుప్పు పట్టి నిలబడి ఉంది. ఆఫీసుకు కొత్తవి వచ్చాయని పారేస్తుంటే, "పడుంటుందిలే" అని తెచ్చుకున్నాడు.

ఆమె కంచం చేతికిచ్చింది. అతను ముద్ద కలుపుతూ అడిగాడు.

"ఏమే, మొహం అలా వేలాడేశావు?"

"కొండ మట్టి, మూడు సంచులు."

ముద్ద కంచంలోనే ఆగింది.

"నీకెప్పుడు తెలుసు?"

"జల్లించినప్పుడే."

"మరి అడగలేదే?"

"అడిగితే మీ మొహం చూడాలి కదా. అందుకని."

అతను కంచం కింద పెట్టాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

"సగం కూడా ఎక్కలేదే. ఊపిరి అందలేదు. నా వల్ల కాదంటే ఆ పూటే ఇంటికి పొమ్మంటారు. డ్రైవరు జీపులో నిద్రపోతున్నాడు, చూసేవాడు లేడు. దిగొచ్చి పాదం దగ్గరి ఒక్క గోతిలోంచే మూడూ నింపాను. ఆ ఒక్కసారే. నీ మీద ఒట్టు."

"నాకు తెలుసు. వాళ్ళకెలా తెలుస్తుంది? మీ చుక్కలన్నీ తీసేస్తారట."

"అన్నీనా?" అతని గొంతు చిన్నపిల్లవాడిదైపోయింది. "వాగు అవతలివి కూడానా? ఆ ఊబి దగ్గరివి?"

"ఊబిలో బూటు పోగొట్టుకుని ఒంటి బూటుతో ఇంటికొచ్చారు. ఎలా మరిచిపోతాను?"

"నువ్వు తలుపు తియ్యకుండా ముందు నవ్వావు," అన్నాడు అతను. ఇద్దరూ నవ్వారు. నవ్వు దగ్గై అతన్ని కుదిపేసింది. ఆమె వీపు నిమిరింది. వీపు ఎముకలు చేతికి తగిలాయి.

తెప్పరిల్లాక అన్నాడు: "వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పెయ్యి. నీ నెత్తిన వేసుకోకు. నీ జల్లెడకు మాట రానివ్వకు."

ఆమె చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి అడిగాడు: "ఆ రెండు సంచుల అంకెలేమిటే? నడుముదీ, నెత్తిదీ."

చెప్పింది. ఎందుకని అడగలేదు. ముసలివాళ్ళు అడిగేవన్నీ ఎందుకో ఆరా తీస్తూ కూర్చుంటే పొద్దు గడవదు.

మేడమ్ అంతా విని తెర వైపు తిరిగింది. కోప్పడినా బాగుండుననిపించింది పిన్నికి. తిరిగి వచ్చి రోలరు పట్టుకుంది. మధ్యాహ్నమంతా పక్క గదిలోంచి మౌసు టకటకలు వినిపిస్తూనే ఉన్నాయి. మేడమ్ అతని గీతల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి సరిచూస్తోంది. టకటక ఆగినప్పుడల్లా పిన్ని చెయ్యి కూడా ఆగేది. తన మొగుడి జీవితాన్ని ఎవరో జల్లెడ పడుతున్నారు, గుల్ల దొరికితే అంతే. ఆమె జీవితంలో ఏ మధ్యాహ్నమూ అంత పొడుగ్గా సాగలేదు.

ఎండ గోడ దిగిపోయే వేళకు మేడమ్ గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మిగతావన్నీ వేటికవే పిన్నీ. ఇంకెక్కడా అలాంటిది లేదు. రెండే తీశాను. పాదం దగ్గరిది నిజమేగా, ఉంచాను."

"మరి ఆ రెండు చోట్లు?"

"కంప్యూటరు చుట్టుపక్కల మట్టిని, కొండ వాలును చూసి అంచనా వేస్తుంది. గట్టి నమ్మకం లేదని పైన గళ్ళు గీస్తాను. బాబాయికి చెప్పండి, ఆయన చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయని."

పిన్ని మాస్కు తీయడం కూడా మరిచి బయల్దేరింది. మోకాళ్ళ నొప్పి ఏమైందో ఏమో! ఎలా చెప్పాలో దారి పొడుగునా కూర్చుకుంది. ముందు కాస్త ఏడిపించాలి. మొహం వేలాడేసుకుని లోపలికి వెళ్ళాలి. ఆయన కంగారుపడ్డాక, వాగు అవతలివి ఉన్నాయండీ, ఊబి దగ్గరివీ ఉన్నాయి, మీ ఒంటి బూటు వృథా పోలేదు అనాలి.

గుమ్మంలో అడుగుపెట్టాక ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఇల్లంతా సర్ది ఉంది. కంచం కడిగి బోర్లించి ఉంది. ఏం తక్కువైందో తెలియడానికి ఆమెకు కాసేపు పట్టింది. ఈల లేదు.

అతను కుర్చీలోనే ఉన్నాడు, తల కిటికీ వైపు వాల్చి. బయటికెళ్ళే చొక్కా తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఎడమ కాలికి బూటు ఉంది, తాడు గట్టిగా బిగించి ముడి వేసి ఉంది. కుడి బూటు ఒళ్ళో ఉంది. దాని మీద చెయ్యి ఉంది.

పిన్ని కింద కూర్చుని అతని మోకాలి మీద తల ఆనించింది. మాస్కు తడిసి పెదాలకు అంటుకుంది.

"రెండేనండీ పోయినవి," అంది. "మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయట."

తర్వాత ఎడమ బూటు ముడి విప్పడానికి కూర్చుంది. గోళ్ళతో లాగినా తొందరగా రాలేదు. తలుపు మూల బరమాకు తుప్పు గీకి, నూనె రాసి ఉంది. దాని కర్ర పిడికి రెండు ఖాళీ గుడ్డసంచులు, నడుముదీ నెత్తిదీ అంకెలు మీద రాసి, మూతులు తెరుచుకుని వేలాడుతున్నాయి.