ఐదో మనిషి

ఊరంతా చూస్తుండగానే దాలయ్యను కొట్టారు. వరికోతల వేళ, పట్టపగలు. భూస్వామి గణపతిరావు మనుషులు అతన్ని చేనుగట్టు మీద పడేసి దుడ్డుకర్రలతో బాదుతుంటే, కోతకొచ్చిన ఆడా మగా చేతిలో కొడవళ్ళు పట్టుకునే నిలబడిపోయారు. వాళ్ళని పిరికివాళ్ళనకండి మిత్రులారా. గణపతిరావు చెయ్యెత్తితే ఆగిపోవడం తాతలనాటి నుంచీ వాళ్ళ ఒంటికి అలవాటైపోయింది.

దాలయ్య చేసిన నేరం ఒక్కటే. కూలీలకు సంఘం పెట్టాడు.

తెల్లవారేసరికి ప్రాణం పోయింది. పొద్దెక్కేసరికి జీపు వచ్చింది. ఎస్సై నరసింగరావు చాటింపు వేయించాడు. నూట నలభైనాలుగో సెక్షను పెట్టాం, ఐదుగురు ఎక్కడ కూడినా అరెస్టు చేస్తాం అని.

శ్రీకాకుళం కాలేజీలో బి.ఏ. చదివే తమ్ముడు జగన్నాధం నరసన్నపేటలో బస్సు దిగి పరుగున వచ్చాడు. అన్న తల చూశాడు. ఏడవలేదు. తిన్నగా జీపు దగ్గరికి వెళ్ళాడు.

"మా అన్నకి శవయాత్ర చెయ్యాలండి."

"చేసుకో. నలుగురు మొయ్యండి, నాకేం అభ్యంతరం లేదు."

"పాడె ముందు నిప్పుకుండ పట్టుకుని నేను నడవాలి కదండీ."

"అప్పుడు ఐదుగురవుతారు. లోపలేస్తాను."

"సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం ఇచ్చిందండి. అది ప్రాథమిక హక్కు."

"పొలిటికల్ సైన్సా?" ఎస్సై నవ్వాడు. "దాని కిందే ఆంక్షలని కూడా రాసుంటుంది, ఆ పాఠం రోజు కాలేజీ ఎగ్గొట్టావా? గణపతిరావు బాబుగారు బండి పంపుతున్నారు. శవాన్ని నిండా కప్పి, చేలదారిన తీసుకుపోయి కాల్చెయ్యండి. గట్టు మీంచి జారిపడి చచ్చిపోయాడు. అంతే."

పాడె మీద అయితే ముఖం తెరిచే ఉంటుంది. నడివీధిలోంచి పోతుంది. బండిలో కప్పుకుపోతే ఆ పగిలిన తలను ఎవరూ చూడరు. చావు ప్రమాదమైపోతుంది. సంఘం అతనితోనే కాలిపోతుంది. రేపు ఇంకొకణ్ణి కొట్టడానికి గణపతిరావుకు ఏ అడ్డూ ఉండదు.

పెరటిదారిన ఒక్కొక్కరే దాలయ్య ఇంట్లోకి చేరారు.

"శవాన్ని కూడా లెక్కేత్తే ఆరుగురవుతార్రా," అంది పక్కింటి జగ్గమ్మ. "ఆడినీ అరెస్టు సెయ్యమను. మా దాలిగాడు జీపెక్కి ఎరగడు." ఎవరో నవ్వబోయి ఏడ్చేశారు.

గణపతిరావు భూమిని పంటలో పాలుకు చేసే ఎర్రన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "బండిలోనే తీసుకెల్లిపోదుం. ఆ బాబు నా సేను లాగేసుకుంటే నా పిల్లలేటి తింతారు? ఈడు పుస్తకాలు సంకనెట్టుకుని కాలేజీకెల్లిపోతాడు."

"ఎల్లను మావా," అన్నాడు జగన్నాధం. "నిప్పుకుండ నానే పడతాను. జైలుకే ఎల్తాను."

"పెద్ద మొనగాడివి! నువ్వొక్కడివీ ఎల్తే ఏటవుతాది?"

"ఏటీ అవదు." జగన్నాధం అన్న తల దగ్గర కూర్చున్నాడు. "రాజ్యానికి నాలుగుండాలని మా మేస్టారు సెప్పినారు. జనం, నేల, గవర్నమెంటు, సార్వభౌమత్వం."

"ఆ ఆఖర్దేటి? నోరు తిరగనేదు," అంది జగ్గమ్మ.

"అందరూ ఇనే మాట. దాని మీద ఇంకో మాటుండదు. అందరం ఒక్కపాలి ఇనడం మానేత్తే ఆ మాట నిలబడదు."

"తంతార్రా!" అన్నాడు ఎర్రన్న.

"తంతారు. కాలుత్తారు కూడాను. మాట ఇన్నోల్లని తన్నడం నేదేటి? నిన్న కోతకి రమ్మంటే మా అన్న ఎల్లినోడే కదా."

మూలనున్న దాలయ్య భార్య కూర్మమ్మ లేచింది. మొగుడి ముఖం మీది బట్ట తీసి అవతల పారేసింది. "నా పెనిమిటిని కప్పడానికి నాను ఒప్పుకోను. బండి ఎనక్కి పంపించెయ్యండి."

ఎర్రన్న తల వంచుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

సంఘం వాళ్ళు నలుగురు పాడె ఎత్తారు. ముందు జగన్నాధం. వీధంతా తలుపులు మూసుకుంది. గణపతిరావు మేడ ముందు జీపు అడ్డం నిలిచింది.

"ఐదు," అన్నాడు ఎస్సై. కానిస్టేబుళ్ళు జగన్నాధం రెక్కలు విరిచిపట్టారు. కుండ చెయ్యి జారేలోపు వెనకనుంచి కూర్మమ్మ పరుగెత్తుకొచ్చి అందుకుంది. ఆ ఊళ్ళో ఆడది నిప్పు పట్టింది లేదు, పాడె వెంట వల్లకాటికి నడిచింది లేదు.

"ఒదినా!" అని కేక పెట్టాడు జగన్నాధం. ఆమెనూ జుట్టు పట్టి జీపులోకి తోశారు. కుండ రోడ్డు మీద మిగిలింది. నిప్పులు పొగలు కక్కుతున్నాయి.

"పాడె దించండి. బండెక్కించండి," అన్నాడు ఎస్సై.

మోసేవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఒకడు పాడె దించబోయాడు.

అప్పుడు ఎర్రన్న తలుపు తెరుచుకుంది. భార్య చొక్కా పట్టి వెనక్కి లాగుతోంది. అతను విడిపించుకుని రోడ్డు మీదికి వచ్చాడు.

"ఎర్రన్నా!"

మేడ మీంచి గణపతిరావు. ఒక్క మాట. ఆ మాటకే ఎర్రన్న తండ్రి ఆగేవాడు, తాత ఆగేవాడు. ఎర్రన్న కూడా ఆగాడు. జీపులోంచి జగన్నాధం అతన్నే చూస్తున్నాడు.

"సేను తీసుకుపో బాబూ," అన్నాడు ఎర్రన్న. వంగి కుండ ఎత్తుకున్నాడు.

గణపతిరావు మళ్ళీ పిలిచాడు. ఎర్రన్న తలెత్తలేదు. జగ్గమ్మ గడప దిగింది. పక్కింటి తలుపు తీశారు, ఆ పక్కదీ తీశారు. లాఠీలు లేచాయి. ఎర్రన్న నెత్తి పగిలింది. కుండ మాత్రం వదల్లేదు. పాడె కింద ఒక భుజం కూలితే ఇంకో భుజం దూరింది. ఎస్సై గాల్లోకి తుపాకీ పేల్చాడు. పాడె జీపును దాటేసింది.

జీపు వెనకనుంచి కూర్మమ్మ గొంతు చించుకుంటోంది.

"సూడండి! నా మొగుడి మొకం సూడండి! అందరూ సూడండి!"