వచ్చిందమ్మా పిల్లి

ఆదివారం వంట పెద్దాయనదే. మనుషుల్ని అంతరిక్షానికి పంపే సంస్థకు అధిపతి అయినా, ఆ ఒక్క పూట గరిట ఇంకొకరి చేతికి ఇవ్వడు. ఆ రోజు కూర వడ్డించి, "ఎలా ఉంది?" అన్నాడు గర్వంగా. భార్య "బావుందండీ" అంది. కూతురు తల వంచుకుని తింటోంది. వాళ్ల కంచాలు సగం ఖాళీ అయ్యాక తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కూరలో చిటికెడు ఉప్పు కూడా లేదు.

"ఇంత చప్పగా ఉంటే చెప్పరేం?"

"చెప్తే ఏమంటావో తెలీదా నాన్నా? 'వచ్చిందమ్మా పిల్లి' అంటావు," అంది కూతురు.

"అది సరదాకే కదా!"

"సరదా మీకండీ. పిల్లులయ్యేది మేము," అంది భార్య, ఉప్పు డబ్బా ఆయన ముందుకు జరుపుతూ.

చదువరులారా, పెద్దాయన చెడ్డవాడేమీ కాదు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కాకపోతే బయలుదేరబోయే పనికి ఎవరు అడ్డు చెప్పినా, ఎదురొచ్చిన పిల్లి కింద జమకట్టి నవ్వేస్తాడు. ఆయన నవ్వితే గదంతా నవ్వుతుంది. అడగడానికి లేచినవాళ్లు కూడా నవ్వేసి కూర్చుంటారు.

మొన్న శుక్రవారం సమావేశం ఆయనకు గుర్తొచ్చింది. ఇంధన విభాగంలోని ఇంజనీరమ్మ, "సార్, ఆ వాల్వు విషయం..." అంటూ లేచింది. ఆయన పిల్లి మాట అన్నాడు. "ఏం లేదు సార్," అని ఆమె కూర్చుంది. వచ్చే వారం ఆ వాల్వున్న రాకెట్‌లోనే ఇద్దరు మనుషులు అంతరిక్షానికి వెళ్లబోతున్నారు. పెద్దాయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు అందరినీ పిలిచి, "ఎవరికైనా అనుమానాలున్నాయా?" అని అడిగాడు. అందరూ తలలు అడ్డంగా ఊపారు.

"నిన్న మా ఇంట్లోవాళ్లు ఉప్పులేని కూర తిన్నారు, నేను వండానని!" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇవాళ మొదటి పిల్లిని నేనే. మీలో ఒక్కరికీ భయం లేదంటే నాకు భయంగా ఉంది. శుక్రవారం నువ్వేదో చెప్పబోయావు, చెప్పమ్మా."

ఇంజనీరమ్మ లేచింది. "చలికి వాల్వులో రబ్బరు గట్టిపడుతోంది సార్. రెండుసార్లు చెమ్మ కనబడింది. మళ్లీ పరీక్షిద్దామంటే తేదీ దాటిపోతుందన్నారు."

"అన్నది నేనే సార్. మీరు నవ్వుతారని," అన్నాడు ఆమె పైఅధికారి, నేల చూస్తూ.

పరీక్షించారు. వాల్వు చల్లబడగానే ఇంధనం ధారకట్టింది. ప్రయాణం వాయిదా పడింది. పత్రికలు వెటకారాలాడాయి, ప్రభుత్వ పెద్దలు చీవాట్లు పెట్టారు. పెద్దాయన మాత్రం హాయిగా నిద్రపోయాడు.

కొత్త రకం రబ్బరుతో రాకెట్ వెళ్లింది. ఇద్దరూ క్షేమంగా తిరిగొచ్చారు. అభినందన సభలో పెద్దాయన ఇంజనీరమ్మను పక్కన నిలబెట్టుకుని అన్నాడు: "రబ్బరు గట్టిపడితే మార్చుకోవచ్చు. అనుమానం చెప్పేవాళ్లను చూసి నవ్వే అలవాటు గట్టిపడితే మాత్రం ప్రాణాలు పోతాయి. ఆ అలవాటు నాది. దాన్ని కూడా ఇక్కడే మార్చేశాం."

ఆ ఆదివారం మొదటి ముద్దకే కూతురు మొహం చిట్లించింది. "నాన్నా, ఉప్పు కషాయం!"

పెద్దాయన మొహం చేటంత అయింది.