సంఘం లెటర్‌హెడ్ మీద

జడ్చర్ల పారిశ్రామికవాడలో అట్టపెట్టెల యూనిట్ నడిపే గ్రేస్, జిల్లా దళిత పారిశ్రామికవేత్తల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలు. సభ్యుడు సాల్మన్‌కు ప్లాస్టిక్ యూనిట్ కోసం జాగా ఇప్పించడానికి మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆమే. ఆ యూనిట్‌లోనే సైదమ్మ అనే కార్మికురాలి కుడిచెయ్యి యంత్రంలో పడి నలిగిపోయింది.

మర్నాడు సంఘం గదిలో అందరూ చేరారు. కార్యదర్శి రఘుపతి టైపు చేసిన కాగితం ముందుకు జరిపాడు. కార్మికురాలి అజాగ్రత్త వల్లే ప్రమాదం జరిగిందని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు సంఘం రాస్తున్న లేఖ అది.

"సంతకం పెట్టక్కా. మనోళ్లకు కంపెనీలు నడుపుడు రాదని ఎప్పుడందామా అని చూస్తున్నరు. వాళ్ల నోట్ల పడొద్దు" అన్నాడు.

ఆ భయం ఉత్తది కాదని గ్రేస్‌కు తెలుసు. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నదో. అయినా కాగితం మడిచి సంచిలో పెట్టుకుని దవాఖానకు వెళ్లింది.

సైదమ్మకు మోచేతి దాకా కట్టు. మణికట్టు కింద ఏమీ లేదు.

"ఎట్లయిందమ్మా?"

"చెయ్యి పడకుండ మిషన్‌కు మూత ఉండె మేడం. పని ఆలస్యమైతాందని నెలకిందట తీసేసిండ్రు. భయమైతాందని సారుకు చెప్పిన. నేను వేరే కంపెనీల చేస్తుంటి. మనోళ్లు కంపెనీ పెట్టిండ్రంటే ఆ పని ఇడిసిపెట్టొచ్చిన."

గ్రేస్ సంఘం గదికి తిరిగొచ్చి ఆ కాగితం చింపేసింది. లెటర్‌హెడ్ మీద, మూత తీసేసిన సంగతితో సహా, జరిగిందంతా తన చేత్తోనే రాసి ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది.

సాయంత్రం సాల్మన్ ఫోన్ చేశాడు. "నా యూనిట్‌కు రిబ్బన్ కోసినదానివి, గిట్ల ఎట్ల రాసినవక్కా?"

"రిబ్బన్ కోసినంక నేను మళ్ల ఒక్కసారన్న వచ్చి మిషన్లు చూడలే సాల్మన్. ఆ సంగతి గూడ రాసిన."

ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాక సాల్మన్ యూనిట్‌కు తాళం పడింది. పదకొండు మంది సంఘం వదిలిపోయారు. గ్రేస్ తన యూనిట్‌లో యంత్రాలన్నీ ఆపించి ఒక్కొక్కటీ దగ్గరుండి చూసుకుంది. మిగిలిన సభ్యుల యూనిట్లకూ వెళ్లింది. ఇద్దరు గేటు తియ్యలేదు.

పన్నెండో రోజు ఆమె దవాఖానకు వెళ్లేసరికి సాల్మన్ మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

"మేడం పంపిచ్చిండ్రా సారూ?" అని సైదమ్మ అడుగుతోంది.

"లేదు, నేనే వచ్చిన." అన్నాడతను. "నువ్వు చెప్పినప్పుడు ఇనకపోతి."

సైదమ్మ కాళ్లు ముడుచుకుని, మంచం మీద అతనికి కాస్త చోటిచ్చింది.

గ్రేస్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.