తొందరపెట్టిన ఆమెన్

మహిమ ఉన్నన్నాళ్లు మా ఇంట్లో వేడన్నం తిన్న పాపాన పోలేదు. మా మామగారి కాలం నుంచి ఈ ఇంటికో కట్టడి ఉంది. కంచం ముందు ప్రార్థన ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు చెయ్యాలి. మాటలు వచ్చిన నాటి నుంచి ఆ పని మహిమదే. పదహారేళ్లు వచ్చినా చిన్నది అదే కదా. సాల్మన్‌కూ నాకూ ఇంకో సంతానం లేదు. అతన్ని బాపు అనీ, నన్ను అవ్వ అనీ పిలిచేది.

ఎవరైనా భోజనాన్ని దీవించమని నాలుగు ముక్కల్లో ముగిస్తారు. ఇది అలా కాదు. పొద్దున నల్లాలో నీళ్లు వచ్చినందుకు స్తోత్రం అంటుంది. బియ్యంలో రాళ్లు లేనందుకు స్తోత్రం. కాలేజీ బస్సులో కిటికీ పక్క సీటు దొరికినందుకు స్తోత్రం. బాపు బొగ్గుబాయి దిగి మళ్లీ పైకి వచ్చినందుకు స్తోత్రం. పక్క క్వార్టర్ శంకరవ్వ పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గించమంటుంది. ఇంతలో పప్పుచారు మీద మీగడ కట్టేది. నాకా కోపం ముక్కు మీదే ఉంటుంది. శంకరవ్వ మోకాళ్ల దాకా రాగానే నేనే గట్టిగా "ఆమెన్" అనేసేదాన్ని. మన ఇంటి సంగతులు ప్రభువుకు తెలియవా, అన్నీ అప్పజెప్పాలా అని కసిరేదాన్ని. అది నవ్వుతూ కళ్లు తెరిచేది. సాల్మన్ అప్పటికే ముద్ద కలిపేవాడు.

పోయిన వానాకాలం మందమర్రిలో ఇంటికొకరు జ్వరాన పడ్డారు. మహిమకు డెంగీ అన్నారు. కరీంనగర్ తీసుకుపోయాం. నాలుగో రోజు కాస్త తేరుకున్నట్టు కనిపిస్తే ఆశపడి జావ తెచ్చాను. పిల్ల సెలైన్ సూది ఉన్న చేతికి రెండో చెయ్యి జోడించి కళ్లు మూసుకుంది. "ప్రభువా, నర్సక్క సూది మెల్లగ గుచ్చినందుకు స్తోత్రం" అంది. ఇక మొదలైందిరా అనుకున్నాను. ఆమెన్ అను బిడ్డా, జావ చల్లారుతుంది అన్నాను. అంది. రెండు చెంచాలు తాగింది. మర్నాటికి లేదు.

మట్టి చేసి వచ్చిన వారానికి పాస్టరయ్యగారు వచ్చి, అన్నిటికీ స్తోత్రం చెప్పాలమ్మా అన్నారు. దేనికి చెప్పాలో మీరే చెప్పండి అన్నాను. పాపం, ఆయన నేనిచ్చిన చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయారు. చర్చికి పోవడం మానలేదు గానీ పాటల వేళ నోరు తెరవలేదు. ఇంట్లో కంచం ముందు కూర్చోవడం అంతకంటే కష్టం. నేను మొదలుపెడతానేమో అని సాల్మన్ తల వంచుకునేవాడు. నేను అన్నంలోకి చూసేదాన్ని. ఒకరోజు తనే "ప్రభువా" అన్నాడు. అంతటితో కంచం జరిపి లేచిపోయాడు.

అందరూ నేను దేవుడి మీద అలిగాననుకున్నారు. నిజానికి నా కోపం నా మీదే. కన్నబిడ్డ ఆఖరి ప్రార్థనను గిన్నెడు జావ కోసం మధ్యలో కోసేశాను. అదింకా ఏం చెప్పాలనుకుందో నాకిక ఎప్పటికీ తెలియదు. ఆ సంగతి సాల్మన్‌కు కూడా చెప్పలేదు.

రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం శంకరవ్వ గిన్నెడు సొరకాయ కూర పట్టుకుని వచ్చింది. ఏటా కొండగట్టు పోయి అంజన్నకు మొక్కు చెల్లించే మనిషి. తనకూ ఒక కంచం పెట్టమంది. పెట్టాను. ముగ్గురం కూర్చున్నాం. సాల్మన్ ముద్ద కలపబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు తమ్మీ. గీ ఇంట్ల మొక్కంది ముద్ద ఎత్తరని నాకెరుకే. మీరు మొక్కకుంటె నేను మొక్కుత."

నేను వద్దనేలోపే కళ్లు మూసుకుంది. నల్లా వచ్చినందుకు స్తోత్రం అంది. బియ్యంలో రాళ్లు, కిటికీ సీటు, బాపు బాయి. వరస తప్పలేదు. తన మోకాళ్ల నొప్పులు తగ్గించమని కూడా తనే అడుక్కుంది. నాకు నవ్వు రాబోయింది. శంకరవ్వ అక్కడ ఆగి నా వైపు చూసింది.

"గీడిదాంక నీకెరుకే సంతోషమ్మా. గీడ నువ్వు ఆమెన్ అంటుంటివి. మిగిలింది పొల్ల తిన్నంక ఎనుక నల్లా కాడ చెయ్యి కడుగుకుంట చెప్పేది. గోడకు గా దిక్కు అంట్లు తోముకుంట నేను రోజు ఇంటుంటి."

శంకరవ్వ నోట్లో నువ్వుగింజ నానదు. ఈ ఒక్క మాట ఇన్నేళ్లు ఎలా దాచిందో. ఏం చెప్పేదని అడిగింది నేను కాదు, సాల్మన్.

ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది.

"ప్రభువా, మా అవ్వను ఇచ్చినందుకు స్తోత్రం. అవ్వకు జర కోపమెక్కువ. ఎంత కోపమొచ్చినా ముందుగాల నా పల్లెంలనే పెడ్తది. సల్లారితె నేను సరిగ తిననని తొందర చేస్తది. గా తొందరకు గూడ స్తోత్రం."

సాల్మన్ తువ్వాలలో ముఖం దాచుకుని ఏడ్చాడు. బిడ్డ పోయిన నాటి నుంచి అతను ఏడవగా చూడడం అదే మొదటిసారి. నాకు మాత్రం కన్నీళ్లు రాలేదు. దానికి తెలుసు, నా బిడ్డకు అంతా తెలుసు అనుకుంటూ అలాగే కూర్చున్నాను. శంకరవ్వ నా మోచేతిని తట్టింది.

"కడమాట నాకు రాదు. గది నువ్వే అనాలె."

ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట కోసమే తొందరపడ్డాను. ఆ మధ్యాహ్నం అది నోటిదాకా రావడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరూ కంచాల్లో చెయ్యి పెట్టకుండా నా కోసం ఆగారు. నేను ఆమెన్ అనేసరికి అన్నం పూర్తిగా చల్లారిపోయింది.